గోడ దాటిన మునగాకు పప్పు

ప్రజలు తక్కువ ఖర్చుతో ఆరోగ్యంగా తినాలన్న తీర్మానాన్ని అల్లంవరం పురపాలక సంఘం ఒక మంగళవారం భోజన విరామానికి ముందు ఆమోదించింది. సభ్యులకు ఆకలి వేస్తున్నందువల్ల చర్చ జరగలేదు.

అమలు కోసం గృహ పోషక వ్యయ సమతుల్య విభాగం ఏర్పడింది. ప్రత్యేకాధికారిగా కోదండపాణిని వేశారు. ఆయన అంతకుముందు వీధి దీపాలు చూసేవారు. రాజధానిలో శిక్షణకు వెళ్లి ఒక చేతి సంచీతో, ఒక పటంతో తిరిగి వచ్చారు. పటంలో కంచం బొమ్మ ఉంది. కంచంలో సగం ఆకుకూరలు, కూరగాయలు. పావు వంతు పప్పు. పావు వంతు అన్నం. పెరుగు ఎక్కడ వేసుకోవాలో పటంలో లేదు. శిక్షణలో ఎవరూ అడగలేదని ఆయన చెప్పారు.

నియమం ఇది. ఏ ఇల్లయినా మనిషికి రోజుకు డెబ్బై రూపాయలు మించకుండా వెచ్చాలు కొనాలి. కంచం పటంలో ఉన్నట్టు ఉండాలి. రెండూ పాటించిన ఇంటి గుమ్మానికి పచ్చ బిళ్ల కొడతారు, పాటించని ఇంటికి ఎర్ర బిళ్ల. పచ్చ బిళ్ల వాళ్లకు పురపాలక మార్కెట్లో కూరగాయలు సగం ధరకు ఇస్తారు. ఎర్ర బిళ్ల ఇంటి యజమాని ఆదివారం ఉదయం పోషక తరగతికి రావాలి. తరగతిలో టిఫిన్ పెట్టరు.

ఏం కొన్నారో బిల్లులు చెబుతాయి. ఏం తిన్నారో ఎలా తెలుస్తుందని ఒక సభ్యుడు అడిగాడు.

"మనిషి అబద్ధం చెప్పవచ్చు. తొక్క చెప్పదు" అన్నారు కోదండపాణి.

మర్నాటి నుంచి తడి చెత్త బండిలో తూకం యంత్రం పెట్టారు. శానిటరీ మేస్త్రి నూకరాజును తొక్కల తనిఖీదారుగా మార్చారు. ఇంటింటి బుట్ట విడిగా తూచి, బీర తొక్క ఎంత, తోటకూర కాడ ఎంత, వంకాయ ముచ్చికలు ఎన్ని అని రాసుకోవడం అతని పని. జీతం మారలేదు. టోపీ ఇచ్చారు.

పాలకేంద్రం వీధిలో లెక్క తప్పింది.

ఆ వీధిలో పద్నాలుగో నంబరు ఇల్లు భ్రమరాంబది. ఆమె భర్త సత్తిరాజు బస్సు కండక్టరు. రెండేళ్లుగా అతనికి షుగరు. రోజూ ఆకుకూర తినాలని డాక్టరు చెప్పాడు. పదిహేనో నంబరు ఇల్లు సువార్తమ్మది. ఆమె భర్త మిషను కుడతాడు. వాళ్ల పెరట్లో మునగచెట్టు ఉంది, పందిరి మీద బచ్చలి ఉంది. రెండిళ్ల మధ్య ఒక గోడ ఉంది. గోడ కట్టినప్పుడు ఒకచోట రెండు వరసల ఇటుక తగ్గించమని ఇద్దరూ తాపీ మేస్త్రికి చెప్పారు. గిన్నె అందుకోవడానికి.

ఒక ఇంట్లో పప్పు ఉడికేది. ఇంకో ఇంట్లో ఆకుకూర ఉడికేది. పదకొండు గంటల ప్రాంతంలో రెండూ గోడ దగ్గర చెరి సగం అయ్యేవి. ఒక్కో ఇంట్లో ఒక్కటే వండుకుని రెండేసి తినేవాళ్లు. వచ్చిన గిన్నె ఖాళీగా తిరిగి వెళ్లేది కాదు. ఏమీ లేకపోతే రెండు పచ్చిమిరపకాయలైనా వేసి పంపేవాళ్లు. ఇద్దరి ఇంటి ఖర్చూ, సత్తిరాజు షుగరూ ఆ పద్ధతి మీదే నడిచేవి. దానికి పద్ధతి అనే పేరుందని వాళ్లకు తెలియదు.

విభాగానికి కనిపించింది వేరు. పద్నాలుగో నంబరులో కందిపప్పు బిల్లు ఉంది, ఆకుకూర కాడలు లేవు. పదిహేనో నంబరు బుట్టలో కాడలే కాడలు, పప్పు బిల్లు లేదు. అడిగితే రెండిళ్ల వాళ్లూ పప్పూ తిన్నామన్నారు, ఆకుకూరా తిన్నామన్నారు.

కోదండపాణి దీన్ని తప్పుడు సమాచారంగా నమోదు చేయబోతుండగా నూకరాజు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"గోడ మీంచి గిన్నెలు ఎల్తాయండి, ఆయ్."

"ఎక్కడికి?"

"అటూ ఇటూ అండి."

"ఎవరి ఉత్తర్వు మీద?"

నూకరాజు ఆలోచించాడు. "ఆకలేసినప్పుడండి" అన్నాడు.

ఆ వారంలోనే సర్క్యులర్ వచ్చింది. అందులో ప్రధాన వాక్యం ఇది: "ఒక గృహపు వ్యయంతో సిద్ధమైన పోషకములు మరొక గృహపు ఉదరములలోనికి ప్రవేశించుట వలన ఉభయ గృహముల సమతుల్యతా గణాంకములు కలుషితమగుచున్నవి గావున, ఇకపై అంతర్గృహ ఆహార సంచారమునకు ముందస్తు అనుమతి తప్పనిసరి." కింద కోదండపాణి సంతకం ఉంది. గోడ దగ్గర స్టూలు వేసి నూకరాజును కూర్చోబెట్టారు.

మొదటి రోజు భ్రమరాంబ అనుమతికి దరఖాస్తు పెట్టింది. వంటకం పేరు, తూకం, పంపేవారు, అందుకునేవారు అన్నీ రాసింది. చివర్లో 'కారణం' అని ఉంటే "ఎక్కువైంది" అని రాసింది. అవసరానికి మించి వండుట వ్యయ నియమ ఉల్లంఘన అని దరఖాస్తు తిరిగి వచ్చింది. రెండోసారి "వాళ్లకి ఇష్టం" అని రాసింది. ఇష్టం పోషకం కాదని తిరిగి వచ్చింది. మూడోసారి "ఊరికే" అని రాసింది.

దీనిపై కోదండపాణి న్యాయ సలహాదారు అభిప్రాయం కోరారు. "ఊరికే" అన్న కారణాన్ని అనుమతించే చట్టం గానీ, నిషేధించే చట్టం గానీ లేదని సలహాదారు రాసి పంపారు. మధ్యలో రెండో శనివారం వచ్చింది. అనుమతి చేతికి అందేసరికి పప్పు పులిసింది.

అనుమతి కోసం ఆగినా పాడవని పదార్థాలు మాత్రమే గోడ దాటగలవని వీధి మొత్తానికి అర్థమైంది. ఆవకాయ దాటింది. కందిపొడి దాటింది. అప్పడాలు దాటాయి. జనం వాటితోనే తినడం మొదలుపెట్టారు. బుట్టల్లో తొక్కలు తగ్గాయి. పాలకేంద్రం వీధిలో కూరగాయల వృథా సగానికి పడిపోయిందని విభాగం పత్రికలకు ప్రకటన ఇచ్చింది. అందులో కోదండపాణి ఫోటో వేశారు.

భ్రమరాంబ ఇంట్లో పప్పూ కొనాలి, ఆకుకూరా కొనాలి. రెండూ కొంటే డెబ్బై రూపాయలు దాటుతున్నాయి. నెలాఖరుకు ఆకుకూర మానేసింది. సత్తిరాజు వరసగా దొండకాయ తిన్నాడు.

"ఇదేంటే, నిన్నా ఇదే కదా?"

"నిన్న వేపుడు. ఇవాళ కూర."

"మొన్న?"

"మొన్న వేపుడు. తిండి మీద ఎంక్వైరీలు చెయ్యడానికి మీరేమైనా కోదండపాణా? తినండి."

ఆ నెల రక్త పరీక్షలో అతని షుగరు అంకె పెరిగింది. డాక్టరు కళ్లద్దాలు తీసి, ఆకుకూర తినడం లేదా అని అడిగాడు. మా గోడకి అనుమతి రాలేదండీ అన్నాడు సత్తిరాజు. డాక్టరు మాత్ర మార్చి రాశాడు. ఇంటికి వచ్చేసరికి గుమ్మానికి ఎర్ర బిళ్ల ఉంది.

భ్రమరాంబ బిళ్ల వంక చూసింది. పరీక్ష కాగితం వంక చూసింది. పెరట్లోకి వెళ్లి పిలిచింది.

"వదినా! మునగాకు కొయ్యి."

"స్టూలు మీద ఆయనున్నాడు వదినా" అంది సువార్తమ్మ గోడ అవతల నుంచి.

"ఆయన్ని కొయ్యమన్లేదు. ఆకు కొయ్యమన్నాను."

మునగాకు ఇటు వచ్చింది. నూకరాజు చూశాడు గానీ, సర్క్యులర్‌లో 'సిద్ధమైన పోషకములు' అని ఉంది, పచ్చి ఆకు గురించి లేదు. గంట తర్వాత అది పప్పుగా అటు బయలుదేరింది. నూకరాజు స్టూలు మీంచి లేచాడు.

"అమ్మగారండీ, గిన్నె దించండి."

"దించను."

"రూలండి."

"రూలు కంచంలో వేసుకుని తిను నూకరాజూ. మా ఆయనకి అంకె పెరిగింది."

"మా ఇంటిదానికీ పెరిగిందండి. కానీ నేను స్టూలు మీదున్నాను కదండీ." అతను గిన్నె మీద చెయ్యి వేసి వెంటనే తీసేశాడు. "అమ్మో, కాల్తంది."

"కాలదూ మరి? ఇప్పుడే పోపు పెట్టాను."

టోపీ తీసి మడిచి, దాంతో గిన్నె పట్టుకుని విభాగానికి తీసుకువెళ్లాడు. అల్లంవరం చరిత్రలో స్వాధీనమైన తొలి పప్పు అదే.

గిన్నె ఎవరిదో తేల్చడానికి అంచు మీద పేరు చూశారు. స్టీలు మీద చుక్కలతో చెక్కిన పేరు స్పష్టంగా ఉంది: చి. బుల్లెబ్బాయి, చి.సౌ. సత్యవేణి. కింద పెళ్లి తేదీ. కోదండపాణి ఆ ఇద్దరికీ నోటీసు పంపించారు.

బుల్లెబ్బాయి, సత్యవేణి పక్క మండలంలో ఉంటారు. నోటీసు పట్టుకుని బస్సులో వచ్చారు. వాళ్ల పెళ్లికి వచ్చిన చుట్టాలందరికీ అలాంటి గిన్నెలు పంచామని, పెళ్లయి పాతికేళ్లయిందని చెప్పారు.

"మొత్తం ఎన్ని గిన్నెలు పంచారు? ప్రస్తుతం అవి ఏ ఏ గృహములలో ఉన్నవి?" అని అడిగారు కోదండపాణి.

"అయ్యబాబోయ్" అంది సత్యవేణి.

ఆ రోజు వాళ్లిద్దరూ భ్రమరాంబ ఇంట్లో భోజనం చేశారు. భ్రమరాంబకు ఆ గిన్నె ఇచ్చిన మేనత్త తమకు దూరపు చుట్టమని అక్కడ తెలుసుకుని సాయంత్రం బస్సుకు వెళ్లిపోయారు.

విచారణ రోజున కోదండపాణి సాక్ష్యం తెమ్మన్నారు. నూకరాజు గిన్నె తెచ్చాడు. అందులో పప్పు లేదు.

"సాక్ష్యం ఏది?"

"పాడైపోయేలా ఉందని డిస్పోజ్ చేశామండి, ఆయ్."

"ఏ విధానంలో?"

"అన్నంలో కలిపండి." నూకరాజు గిన్నె బల్ల మీద పెట్టి, "సెక్షను మొత్తం కలిసే చేశామండి" అన్నాడు.

సాక్ష్యం లేనందున కేసు కొట్టేశారు. గిన్నెను యజమానురాలికి అప్పగించి రశీదు తీసుకోవాలని ఉత్తర్వు రాశారు. నూకరాజు గిన్నె కడిగి, తుడిచి, పద్నాలుగో నంబరు గుమ్మం ముందు నిలబడ్డాడు. భ్రమరాంబ బయటికి వచ్చి గిన్నెలోకి చూసింది.

"ఖాళీ గిన్నె తెచ్చావా?"

"గిన్నే కదండీ ఇవ్వమన్నారు."

"మా వీధిలో ఖాళీ గిన్నె ఇవ్వరు. ఇచ్చినా పుచ్చుకోరు. పప్పు తిన్నారు కదా మీ సెక్షనంతా? ఏదో ఒకటి వేసి పట్టుకురా, తీసుకుంటాను."

"రశీదు కావాలండి."

"మా ఆయనకి షుగరు తగ్గాలి. ముందెవరిది చూద్దాం?" అని తలుపు వేసింది.

ఇది జరిగిన రోజే ఉత్తమ పోషక పట్టణంగా అల్లంవరం పేరు రాష్ట్ర స్థాయి పరిశీలనకు ఎంపికైనట్టు కబురు వచ్చింది. గెలిస్తే కప్పు ఇస్తారు. షరతు ఒక్కటే. విభాగంలో కేసులేవీ పెండింగులో ఉండకూడదు. ఉన్నది ఒక్కటే కేసు. రశీదు రాకపోతే అది మూతపడదు.

కోదండపాణి అత్యవసర సమావేశం పెట్టారు. గిన్నెలో పంచదార వేసి ఇద్దామని గుమాస్తా అన్నాడు. విభాగం గోడ మీదే 'పంచదార మానండి' అని రాసి ఉందని కోదండపాణి చూపించారు. బియ్యం వేద్దామన్నారు. పటం ప్రకారం ఆ ఇంట్లో బియ్యం వాటా ఇప్పటికే ఎక్కువని తేలింది. న్యాయ సలహాదారు మరో సంగతి తవ్వి తీశారు. స్వాధీనం చేసుకున్న సొత్తును స్వాధీనం చేసుకున్న స్థితిలోనే తిరిగి ఇవ్వాలి. అంటే గిన్నెలో మునగాకు పప్పు ఉండాలి. వేడిగా ఉండాలి.

ఇంకో చిక్కు ఉంది. సర్క్యులర్ ప్రకారం ఆహారం పంపగలిగేది ఒక గృహం మాత్రమే. విభాగం గృహం కాదు. అందువల్ల అదే సమావేశంలో విభాగాన్ని గృహంగా ప్రకటించారు. యజమాని కోదండపాణి. కుటుంబ సభ్యులు తొమ్మిది మంది.

గృహమైన మరుక్షణం దానికి తనిఖీ వచ్చింది. ఆఫీసు చెత్తబుట్ట తూచే పని నూకరాజు మీద పడింది. అందులో బజ్జీ కాగితాలు, టీ కప్పులు, బిర్యానీ పొట్లాల డబ్బాలు ఉన్నాయి. తొక్క ఒక్కటి లేదు. రశీదులు కూడితే మనిషికి రోజుకు డెబ్బై రూపాయల గీత మధ్యాహ్నం టీకే దాటిపోయింది. నియమం ప్రకారం నూకరాజు సుత్తి తెచ్చి విభాగం గుమ్మానికి ఎర్ర బిళ్ల కొట్టాడు.

"చూసి కొట్టారా?" అని అడిగారు కోదండపాణి.

"రెండు సార్లు తూచానండి."

ఆదివారం పోషక తరగతికి ఎర్ర బిళ్ల యజమానిగా కోదండపాణి హాజరయ్యారు. పాఠం చెప్పేదీ ఆయనే. లేచి పాఠం చెప్పి, కూర్చుని విన్నారు. టిఫిన్ పెట్టలేదు.

సోమవారం మునగాకు కొనడానికి ఆయనే మార్కెట్‌కు వెళ్లారు. తోటకూర ఉంది, గోంగూర ఉంది, పాలకూర ఉంది. మునగాకు లేదు. కూరలమ్మే ఆమె నవ్వింది.

"మునగాకు కొంటారేటి బాబూ? చెట్టున్నోళ్లని అడుక్కుంటారు గానీ."

అల్లంవరంలో కోదండపాణికి తెలిసిన మునగచెట్టు ఒక్కటే. పదకొండు గంటలకు ఆయన పద్నాలుగో నంబరు పెరట్లో గోడ దగ్గర నిలబడ్డారు. నూకరాజు లేచి స్టూలు ఇచ్చాడు. ఆయన కూర్చోలేదు. అవతల సువార్తమ్మ బట్టలు ఆరేస్తోంది.

"అమ్మా, కొంచెం మునగాకు కావాలి."

సువార్తమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "కారణం ఏం రాయమంటారండీ?"

భ్రమరాంబ వంటింటి గుమ్మంలోంచి అందుకుంది. "ఊరికే అని రాయి వదినా. లాయరు గారు కూడా కాదనలేదంట."

"ఆకు ఇవ్వడానికి నాకేం అభ్యంతరం లేదండీ" అంది సువార్తమ్మ. "పచ్చి ఆకుకి రూలు కూడా లేదు. కానీ రేపు మీరు పప్పు చేసి ఈవిడకి పంపాలి కదా? ఆ పప్పుకి అనుమతి ఎప్పుడొస్తుంది? రెండో శనివారం మళ్లీ వస్తోంది."

ఆయన తేదీ లెక్క వేసుకున్నారు. పరిశీలన బృందం శుక్రవారం వస్తోంది. అక్కడే గోడ మీద కాగితం పెట్టి కొత్త ఉత్తర్వు రాశారు. "పప్పు, కూర, పులుసు, పచ్చడి ఇత్యాది త్వరితగతిన మార్పు చెందు పదార్థముల సంచారమునకు అనుమతి అవసరము లేదు. అటువంటి సంచారమందు పాల్గొను గృహములను లెక్కల నిమిత్తము ఒకే గృహముగా పరిగణించవలెను." సంతకం చేశారు. రెండిళ్లూ ఒక్కటైతే పప్పు బిల్లూ ఉంది, ఆకు కాడలూ ఉన్నాయి. నూకరాజు భ్రమరాంబ గుమ్మానికున్న ఎర్ర బిళ్ల పీకి పచ్చ బిళ్ల కొట్టాడు.

సువార్తమ్మ చెట్టెక్కలేదు. కర్రతో రెండు కొమ్మలు వంచి ఒడి నిండా ఆకు కోసి గోడ దాటించింది.

విభాగం రికార్డు గదిలో స్టవ్ పెట్టారు. గుమాస్తా ఆకు దూశాడు. టైపిస్టు కందిపప్పు కడిగింది. కోదండపాణి పోపు పెట్టారు. వీధి దీపాలు చూసే రోజుల్లోనూ ఆయన చేతి నుంచి అంత మంట రాలేదని గుమాస్తా తర్వాత చెప్పాడు. గిన్నె నింపి, టోపీతో పట్టుకుని, నూకరాజు పద్నాలుగో నంబరుకు తీసుకువెళ్లాడు. వెనకే కోదండపాణి రశీదుతో వెళ్లారు.

భ్రమరాంబ వేలితో తీసుకుని రుచి చూసింది.

"ఉప్పు మర్చిపోయారు."

"మార్గదర్శకాల్లో ఉప్పు తగ్గించమని ఉందమ్మా."

"తగ్గించమన్నారు. మానెయ్యమన్లేదు." రశీదు మీద సంతకం చేసి ఇచ్చింది. కేసు మూతపడింది. ఆ రోజు సత్తిరాజు మజ్జిగలో ఉప్పు వేసుకుని, పప్పు చివరి వరకూ తిన్నాడు.

మర్నాడు పదకొండు గంటలకు భ్రమరాంబ ఇంకో గిన్నెతో విభాగానికి వచ్చింది. అందులో బచ్చలి పులుసు ఉంది. పక్కిల్లు పప్పు పంపితే ఊరుకోవడం తమ వీధిలో లేదని చెప్పి బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. సెక్షను తింది. తిన్నాక గిన్నె కడిగి, దాని వంక తొమ్మిది మందీ చూశారు. ఖాళీ గిన్నె పంపితే ఆవిడ తీసుకోదని వాళ్లకు తెలుసు. గుమాస్తా లేచి సంచీ తీసుకుని మార్కెట్‌కు వెళ్లాడు.

అప్పటి నుంచి రికార్డు గదిలో రోజూ వంట జరుగుతోంది. గోడ దగ్గరి స్టూలు అక్కడికి వచ్చింది. నూకరాజు దాని మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తాడు. మిగతా పనులకు తీరిక ఉండడం లేదు. ఆఫీసు బుట్టలో తొక్కలు తూగాయి. విభాగం గుమ్మానికి పచ్చ బిళ్ల పడింది. సత్తిరాజు తర్వాతి పరీక్షలో అంకె దిగింది. డాక్టరు కారణం అడిగితే గోడ తెరిచారండీ అన్నాడు.

పరిశీలన బృందం అనుకున్నట్టే ఆ శుక్రవారం వచ్చి, కేసులేవీ పెండింగులో లేవని చూసి, రికార్డు గదిలో భోజనం చేసి వెళ్లింది. కప్పు అల్లంవరానికే వచ్చింది.

బహుమతి ప్రదానం రాజధానిలో జరిగింది. పాలకేంద్రం వీధి వాళ్లందరినీ బస్సులో తీసుకువెళ్లి వెనక వరుసల్లో కూర్చోబెట్టారు. కోదండపాణి పేరు పిలిచారు. ఆయన వేదిక ఎక్కారు. రాష్ట్ర పోషక సంచాలకులు రెండు చేతులతో కప్పు అందించారు. దాని మీద అల్లంవరం పేరు చుక్కలతో చెక్కి ఉంది. ఫోటోగ్రాఫర్లు ముందుకు వచ్చారు.

కోదండపాణి చేతులు చాచారు. కప్పులోకి చూశారు. చేతులు వెనక్కి తీసుకున్నారు.

"ఖాళీదా అండీ?" అన్నారు.

సంచాలకులకు అర్థం కాలేదు. కప్పు ఇంకొంచెం ముందుకు జరిపారు. కోదండపాణి ఒక అడుగు వెనక్కి వేశారు. తనకు ఎవరి మీదా కోపం లేదని, అయితే తమ వీధిలో ఖాళీది పుచ్చుకోరని మైకులో చెప్పారు. చప్పట్లు ఎక్కడ కొట్టాలో సభకు తెలియలేదు. నూకరాజు లేచి టోపీ తీశాడు.

కప్పులో ఏం వేసి ఇవ్వాలో తేల్చడానికి రాష్ట్ర స్థాయిలో కమిటీ వేశారు. అది ఇప్పటికి రెండు సార్లు సమావేశమైంది.

తిరుగు ప్రయాణంలో భ్రమరాంబ కిటికీ పక్కన కూర్చుంది. సువార్తమ్మ డబ్బా మూత తీసి చెరి రెండు జంతికలు పంచింది.

"ఇంత పెద్ద ఆఫీసు కదా వదినా" అంది భ్రమరాంబ. "రెండు పచ్చిమిరపకాయలు దొరకలేదా వాళ్లకి?"